దిగుడులో హ్యాండిల్ వణికితే ఏం చేయాలి

దిగుడులో సైకిల్ వేగం మీద ఉన్నప్పుడు హ్యాండిల్ దానంతట అదే కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలైతే, దాన్ని ఆపేది మీ చేతులు కాదు, మీ మోకాళ్లు. ఇంకేమీ గుర్తులేకపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అందుకే ఆ క్షణంలో ఏం చేయాలో ముందు చెబుతాను. ఎందుకలా చేయాలి, అది రాకుండా సైకిల్‌ను ఎలా చూసుకోవాలి అనేవి తర్వాత.

వరంగల్‌లో తొక్కేవాళ్లకు ఏళ్ల తరబడి ఇది ఎదురుకాకపోవచ్చు. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పట్టినా, నర్సంపేట మీదుగా పాకాల పోయినా పెద్ద డౌన్లు రావు. 30, 35 కిలోమీటర్ల వేగంలో సైకిల్ బుద్ధిగానే ఉంటుంది. అదే సైకిల్‌ను కారుకు కట్టుకుని నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌కో, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్‌కో తీసుకెళ్లి దిగితే, 45, 50 దగ్గర మొదటిసారి బయటపడుతుంది. ముందు హ్యాండిల్‌లో సన్నగా జలదరింపు. ఒకటి రెండు సెకన్లలో అది ముందు చక్రం మొత్తం కొట్టుకునేంత పెద్దదవుతుంది, మీ కింద ఫ్రేమ్ మెలి తిరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. భయంతో చేతులు బిగుసుకుంటాయి, రెండు బ్రేకులూ ఒక్కసారిగా పడతాయి. మనిషిని కింద పడేసేది చాలాసార్లు ఈ రెండు పనులే.

ఆ క్షణంలో

మొదట తొక్కడం ఆపండి. పెడళ్లు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, రెండూ ఒకే ఎత్తులో ఉండేలా కాళ్లు నిలపండి. అలా ఉంచితేనే రెండు మోకాళ్లూ పై రాడ్డుకు దగ్గరగా వస్తాయి. పై రాడ్డు అంటే సీటు నుంచి హ్యాండిల్ దాకా పోయే పైపు, చిన్నప్పుడు నాన్నలు మనల్ని కూర్చోబెట్టుకుని తిప్పిన చోటు.

వెంటనే ఆ రాడ్డును మోకాళ్ల మధ్య బిగించండి. రెండూ అందకపోతే ఒక్క మోకాలైనా, తొడ లోపలి వైపైనా ఆనించండి. ఊరికే తాకించడం కాదు, ఒత్తిపట్టాలి. చాలాసార్లు వణుకు ఇక్కడే తగ్గుముఖం పడుతుంది.

తర్వాత బరువును సీటు మీది నుంచి పెడళ్ల మీదకు దించండి. లేచి నిలబడొద్దు. సీటుకు తాకీ తాకనట్టు, వేలు మందం లేస్తే చాలు. నిలబడితే మోకాళ్లు రాడ్డును వదిలేస్తాయి, గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది, ఉన్న అదుపు కూడా పోతుంది.

ఇదంతా జరుగుతుండగా చేతుల బిగువు తగ్గించండి. హ్యాండిల్ వదిలేయమని కాదు. వేళ్లు చుట్టూ ఉండాలి, బొటనవేలు కింద నుంచి పట్టి ఉండాలి, కానీ మోచేతులు వంగాలి, భుజాలు కిందికి జారాలి. హ్యాండిల్ కాస్త అటూఇటూ ఆడితే ఆడనివ్వండి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ప్రాణం మీదికి వచ్చినట్టున్నప్పుడు పట్టు సడలించమంటే శరీరం ఒప్పుకోదు. దీనికొక చిట్కా ఉంది: ఊపిరి గట్టిగా బయటికి వదలండి. ఊపిరి బిగబట్టినంతసేపూ భుజాలు దిగవు, వదిలితే వాటంతట అవే దిగుతాయి.

ఆఖరున బ్రేక్. వెనక బ్రేక్ మెల్లగా మొదలుపెట్టి, వణుకు తగ్గుతున్న కొద్దీ ముందు బ్రేక్ కూడా కలపండి. ముందు బ్రేక్ ఒక్కసారిగా పట్టకూడదు. అటూఇటూ తిరుగుతున్న చక్రం మీద బరువంతా పడితే టైర్ పట్టు తప్పే ప్రమాదం ఉంది. మన దగ్గర అమ్మే సైకిళ్లలో సాధారణంగా కుడి లివర్ ముందు బ్రేక్, ఎడమది వెనకది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవాటిలో కొన్నిసార్లు తారుమారు ఉంటుంది, మీ సైకిల్‌లో ఏది ఏదో ఇంటి ముందే చూసి పెట్టుకోండి.

చూపు మాత్రం ముందు చక్రం మీద పెట్టకండి. 30, 40 మీటర్ల దూరంలో, మీరు పోవాలనుకున్న చోట పెట్టండి. రోడ్డు అంచున మట్టిలోకి దిగి ఆపుదామన్న ఆలోచన వస్తుంది, దాన్ని అస్సలు నమ్మకండి. తారు మీద ఆగగలిగిన వణుకు, మొరంలోకి దిగితే పడిపోవడంగా మారుతుంది. పక్కన, వెనక మీ వాళ్లుంటే ఒక్క కేక వేయండి, వాళ్లే దూరం జరుగుతారు.

అసలు అది వణుకేనా

దిగుడులో సైకిల్ ఇబ్బంది పెట్టడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. ముందు టైర్ గాలి దిగిపోతుంటే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో సైకిల్ జారినట్టు పక్కకు పోతుంది, కానీ లెక్క ప్రకారం కొట్టుకోదు. బ్రేక్ పట్టినప్పుడే అదురుతూ వదలగానే ఆగిపోతే అది రిమ్‌దో బ్రేక్ ప్యాడ్‌దో దోషం. మనం చెప్పుకుంటున్న వణుకు ఒకే లయలో వస్తుంది, సెకనుకు 4 నుంచి 10 సార్ల దాకా, బ్రేక్ పట్టినా పట్టకపోయినా. గాలి దిగిందనిపిస్తే ముందు బ్రేక్ జోలికి పోకుండా, తిన్నగా పోతూ వెనక బ్రేక్‌తో ఆగండి.

మోకాలికి ఆ శక్తి ఎక్కడిది

ఇది అర్థమైతే పై పనులు బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

హ్యాండిల్ తిరిగే ఇరుసు కొంచెం వాలుగా ఉంటుంది. ఆ వాలును నేల దాకా గీతలా పొడిగిస్తే, ముందు చక్రం నేలను తాకే చోటు ఆ గీతకు కొన్ని సెంటీమీటర్లు వెనకగా ఉంటుంది. అందువల్ల చక్రం ఏ కొంచెం పక్కకు తిరిగినా రోడ్డే దాన్ని మళ్లీ తిన్నగా లాగుతుంది. మామూలు వేగంలో సైకిల్ తిన్నగా పోవడానికి ఇది సాయపడుతుంది. వేగం పెరిగితే ఆ లాగుడు కూడా పెరుగుతుంది. చక్రం మధ్యకు వచ్చి ఆగకుండా అవతలికి దాటిపోతుంది. ఆ తోపుకు ఫ్రేమ్ పైపులు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్, చక్రం చువ్వలు అన్నీ కొద్దిగా వంగి, తిరిగి నిటారు కావడానికి ఎదురు తోస్తాయి. మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా సమయానికి ఒక చిన్న తోపు పడితే ఎంత ఎత్తుకు పోతుందో, ఇక్కడా అంతే. తోసేది మీ వేగం. అందుకే వేగం తగ్గేదాకా అది పూర్తిగా వదలదు.

చేతులతో ఎందుకు ఆపలేమో లెక్క వేసి చూడండి. సెకనుకు 6 సార్లు ఊగుతోందనుకుందాం. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోవడానికి సెకనులో 12వ వంతు పడుతుంది. మనం ఒకదాన్ని గమనించి చెయ్యి కదపడానికి సుమారు సెకనులో 5వ వంతు పడుతుంది. అంటే హ్యాండిల్ కుడికి పోయిందని మీరు ఎడమకు తోసేసరికి, అది ఎడమకు పోయి మళ్లీ తిరిగొచ్చేసి ఉంటుంది. మీ తోపు సాయపడుతుందో, ఎదురు తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. పైగా బిగుసుకున్న చేతులు మీ ఛాతీ బరువంతా హ్యాండిల్‌కు కట్టేస్తాయి, ఊగే బరువు ఇంకా పెరుగుతుంది.

మోకాలు చేసే పని వేరు. అది సమయం చూసి తోయదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. తొడ బరువైనది, మెత్తనిది. రాడ్డు ఎటు కదిలినా ఆ కదలికలోని శక్తిని కండ తాగేస్తుంది. సీటు సంగతి కూడా ఇలాంటిదే. మీ బరువు సీటు మీద గట్టిగా కూర్చున్నంతసేపు ఫ్రేమ్‌కు వెనక చివర ఒక పట్టు దొరుకుతుంది, దాన్ని ఆధారం చేసుకుని ముందు భాగం మెలి తిరుగుతుంది. సీటును కాస్త వదిలితే ఆ ఆధారం పోతుంది, ఊగే లయ మారిపోతుంది.

ఇంకొక లెక్క. రోడ్ బైక్, అంటే సన్న టైర్లూ కిందికి వంగిన హ్యాండిలూ ఉండే సైకిల్, దాని చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు పోతుంది. 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 5 చుట్లకు పైనే, 50లో ఆరున్నర చుట్లు, 60లో దాదాపు 8 చుట్లు. ఫ్రేమ్ ఊగే లయ కూడా చాలాసార్లు ఈ దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే చక్రంలో చిన్న బెండ్ ఉన్నా, టైర్ ఒక చోట సరిగ్గా కూర్చోకపోయినా, 30లో ఏమీ తెలియనిది 50లో వణుకును లేపగలదు.

వేగం పెరిగితే సైకిల్ అంత నిలకడగా ఉంటుందని అందరం విన్నదే. తిరిగే చక్రాల బలమే సైకిల్‌ను నిలబెడుతుందని బడిలో కూడా చెబుతారు. అది అంత సూటి విషయం కాదు. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు చక్రాల తిరుగుడు బలాన్నీ, నేను పైన చెప్పిన ఆ వెనక్కి ఉండే దూరాన్నీ రెండింటినీ లేకుండా చేసి ఒక సైకిల్ కట్టారు. తోసి వదిలితే అది మనిషి లేకుండానే నిటారుగా పోయింది. సైకిల్ నిలకడ ఏ ఒక్క భాగం వల్లా రాదు, బరువులు, కోణాలు, గట్టిదనం అన్నీ కలిసి తెచ్చేదది. అందుకే మంచి కండిషన్‌లో ఉన్న, ఏ లోపమూ లేని సైకిల్ కూడా వణకవచ్చు. మెకానిక్ అంతా బాగుందన్నాడు కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

నేర్చుకోవడం ఎక్కడ, ఎలా

ఘాట్ మీద మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు. శరీరానికి ముందే అలవాటు ఉండాలి. ఊరి చివర వెంచర్ల కోసం వేసిన సీసీ రోడ్లు మన చుట్టూ బోలెడు ఉన్నాయి, పొద్దున్నే పోతే కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. అలాంటి తిన్నని రోడ్డు మీద 20, 25 వేగానికి తెచ్చి తొక్కడం ఆపండి. పెడళ్లు సమం, మోకాళ్లు రాడ్డుకు, సీటు నుంచి వేలు మందం పైకి, ఊపిరి వదలడం, వెనక బ్రేక్, తర్వాత ముందు బ్రేక్. ఆగండి. మళ్లీ మొదటి నుంచి. ఆలోచించకుండా కాళ్లే ముందుగా కదిలేదాకా చేయండి.

డ్రాప్స్ పట్టుకుని, అంటే హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని కూడా ఇదే చేయండి. దిగుడులో మీరు ఉండాల్సింది అక్కడే. అక్కడ శరీరం కిందికి ఉంటుంది, బ్రేక్ మీద పట్టు బాగా అందుతుంది. మన దగ్గర చాలామంది డ్రాప్స్‌ను ముట్టుకోకుండానే ఏళ్లు తొక్కేస్తారు, నడుము నొప్పి అంటారు. అయితే హ్యాండిల్ ఎత్తు సరిచేయించుకోండి, డ్రాప్స్ లేకుండా ఘాట్ దిగడం మాత్రం వద్దు.

కావాలని వణుకు తెప్పించి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రెండు చేతులూ వదిలి తొక్కితే కొన్ని సైకిళ్లలో తక్కువ వేగంలోనే వణుకు వస్తుందన్నది నిజమే, కానీ బర్రెలు, బైకులు, పిల్లలు తిరిగే మన రోడ్ల మీద చేయాల్సిన పరీక్ష కాదది.

బయలుదేరే ముందు సైకిల్‌ను చూడటం

అన్నిటికన్నా ముందు హెడ్‌సెట్, అంటే ఫోర్క్ తిరిగే బేరింగ్. ముందు బ్రేక్ గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపండి. ఇంకో చేతి వేళ్లను హ్యాండిల్ కింద, ఫ్రేమ్, ఫోర్క్ కలిసే సందు మీద పెట్టండి. టక్కుటక్కుమని వేళ్లకు తెలిస్తే లూజు ఉన్నట్టు. ఒక్కోసారి బ్రేక్‌లోని ఆట కూడా అలాగే తెలుస్తుంది. అనుమానముంటే హ్యాండిల్‌ను పూర్తిగా పక్కకు తిప్పి మళ్లీ ఊపండి, అప్పుడు కూడా ఆ సందులోనే తెలిస్తే హెడ్‌సెట్‌దే.

ఇప్పటి రోడ్ బైకుల్లో దాన్ని బిగించే పద్ధతి పాత సైకిళ్లకు భిన్నం. ముందు హ్యాండిల్‌ను పట్టుకుని ఉండే స్టెమ్ పక్క బోల్టులు రెండూ లూజు చేయాలి. అప్పుడే పైనున్న టోపీ బోల్టును కొద్దికొద్దిగా తిప్పాలి, లూజు పోగానే ఆపేయాలి. హ్యాండిల్‌ను ముందు చక్రానికి తిన్నగా చూసుకుని, పక్క బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి సమంగా బిగించాలి, ఎక్కువ స్టెమ్‌లకు బిగింపు బలం 5 న్యూటన్ మీటర్లు, స్టెమ్ మీద రాసి ఉన్నదే ప్రమాణం. పక్క బోల్టులు విప్పకుండా పై బోల్టునే బలంగా తిప్పితే లూజు పోదు, మర మాత్రం పాడవుతుంది. చౌరస్తా దగ్గర దశాబ్దాలుగా స్టాండ్ వేసుకున్న మెకానిక్‌లు హబ్, అంటే చక్రం మధ్య భాగం, దాని కోన్ బిగించడంలో, చక్రం బెండ్ తీయడంలో గట్టివాళ్లు. కానీ ఈ కొత్త రకం హెడ్‌సెట్ వాళ్ల చేతికి తక్కువగా వస్తుంది కాబట్టి, ఈ వరుస వాళ్లకు చెప్పి దగ్గరుండి చేయించుకోండి.

మరీ బిగించినా తప్పే. ముందు చక్రం పైకెత్తి సైకిల్‌ను కాస్త పక్కకు వంచితే హ్యాండిల్ దానంతట అదే మెత్తగా వాలిపోవాలి. మధ్యలో ఒక చోట పట్టినట్టు ఆగితే బేరింగ్ అరిగి గుంట పడింది, మార్చాల్సిందే. వానాకాలం అంతా తొక్కినవాళ్లు దసరా తర్వాత ఒకసారి హెడ్‌సెట్ విప్పించి గ్రీజు వేయించుకోవడం మంచిది. ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా పోయేది కింది బేరింగ్‌లోకే.

తర్వాత చక్రాలు. రిమ్ పట్టుకుని పక్కకు ఊపండి, హబ్‌లో లూజు ఉంటే తెలుస్తుంది. చక్రం తిప్పి, బ్రేక్ ప్యాడ్‌కూ రిమ్‌కూ మధ్య సందును చూడండి, అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే బెండ్. డిస్క్ బ్రేక్ ఉన్నవాళ్లు ఫోర్క్‌కు చిన్న జిప్ టై కట్టి దాని కొనను రిమ్‌కు దగ్గరగా పెట్టి చూడొచ్చు. చువ్వలను ఒక్కొక్కటిగా వేలితో మీటండి. ఒకే వైపు చువ్వలు దాదాపు ఒకే స్వరం పలకాలి, ఒకటి రెండు చప్పగా పలికితే అవి వదులైనట్టు. టైర్ అంచు దగ్గర రిమ్‌కు సమాంతరంగా ఒక సన్నని గీత ఉంటుంది. చుట్టూ అది ఒకే ఎత్తులో కనబడాలి. ఒక చోట లోపలికి దిగిపోతే టైర్ సరిగ్గా కూర్చోలేదు, గాలి తీసి, సర్ది మళ్లీ కొట్టండి.

చక్రాన్ని సైకిల్‌కు బిగించి ఉంచే క్విక్ రిలీజ్ లివర్‌ను చాలామంది పొరపాటుగా నట్టులా తిప్పి వదిలేస్తారు. అది మూయాల్సిన లివర్. సగం మూసేసరికి, అంటే సైకిల్‌కు అడ్డంగా నిలబడ్డ దగ్గర నుంచి చేతికి బరువు తగలాలి, పూర్తిగా మూసేసరికి అరచేతిలో అచ్చు పడాలి. కారు మీద సైకిల్ కట్టి తీసుకెళ్లేవాళ్లు ముందు చక్రం తీసి పెడతారు కాబట్టి, ఘాట్ పైన దించగానే మొట్టమొదట చూసుకోవాల్సింది ఇది.

గాలి విషయంలో మనవాళ్ల అలవాటు టైర్ మీద రాసి ఉన్న గరిష్ఠం దాకా కొట్టేయడం. ఆ అంకె దాటకూడదని రాసింది, అంత కొట్టమని కాదు. 70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైర్‌లో సుమారు 80, 28 టైర్‌లో 70 పీఎస్‌ఐ చాలు. బరువును బట్టి కాస్త అటూఇటూ. రాళ్లు తేలిన రోడ్డు మీద రాయిలా గట్టిపడ్డ టైర్ నేలను వదిలి వదిలి ఎగురుతుంది, మరీ మెత్తటిది పక్కకు ఒరుగుతుంది, రెండూ వణుకుకు దారి ఇచ్చేవే. రోడ్ బైక్ ట్యూబులకు ఎక్కువగా సన్నని ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, పెట్రోల్ బంక్ గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో ఉంచుకోండి, గేజ్ ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇంకాస్త జాగ్రత్త. హైదరాబాద్‌లో మంచి ధరకు దొరికిందని తెచ్చుకునే సైకిళ్లలో ఎక్కడో గుద్దుకున్నవి కూడా ఉంటాయి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ పైపులు కలిసే మూల దగ్గర, ముఖ్యంగా కింది పైపు అడుగు వైపు, పెయింట్ ముడతలు పడిందేమో, వెంట్రుక మందం గీత ఉందేమో వేలితో తడిమి చూడండి. ముందు నుంచి చూస్తే చక్రం ఫోర్క్ రెండు కాళ్లకూ సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్క నుంచి చూస్తే ఫోర్క్ వెనక్కి నెట్టినట్టు ఉండకూడదు. ఇందులో ఏది కనబడ్డా ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.

మీ బరువు, మీ సంచులు, చలి

పొడగరులకు ఈ బాధ ఎక్కువ. పెద్ద ఫ్రేమ్‌లో పైపులు పొడవు, సీటు ఎత్తు, అందువల్ల మెలి తిరిగే గుణం ఎక్కువ. సీటు వెనక పెద్ద సంచి వేలాడదీస్తే అది వేరే లయలో ఊగుతూ మొత్తం సైకిల్‌ను ఊపుతుంది. రామప్పకో లక్నవరానికో రాత్రి ఉండేలా వెళ్తూ సామాను కట్టినప్పుడు బరువైనవి సంచి అడుగున, సీటుకు దగ్గరగా పెట్టి, పట్టీలు ఇంక లాగలేనంతగా లాగండి. చేత్తో పట్టి ఊపితే సంచి కాకుండా సైకిల్ ఊగాలి. హ్యాండిల్‌కు కట్టే సంచిలో బరువు పెట్టకండి, అది తిరిగే భాగం మీద నేరుగా పడే బరువు.

చలి గురించి ఎవరూ చెప్పరు, అందుకని కాస్త గట్టిగానే చెబుతున్నాను. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్, నిర్మల్ వైపు తెల్లవారుజామున చలి సింగిల్ డిజిట్‌కు దిగుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, తడి బనియన్‌తో దిగుడు మొదలుపెడితే గాలికి రెండు నిమిషాల్లో ఒళ్లు వణుకుతుంది. ఆ వణుకు చేతుల్లోంచి హ్యాండిల్‌కు పోతుంది. బిగుసుకున్న భుజాలతో సడలింపు అన్న మాటే ఉండదు. పైన ఆగి, చొక్కా లోపల ఛాతీ మీద ఒక పేపర్ మడిచి పెట్టుకోండి, ఆపైన పల్చని జాకెట్ జిప్ పూర్తిగా వేసుకోండి. వదులుగా గాలికి ఎగిరే జాకెట్ వద్దు. ఇంకా వణుకుతూనే ఉంటే టీ తాగి, ఎండ వచ్చాక దిగండి.

రోడ్డు రాజేసేవి

వణుకు రావడానికి ఎక్కడో ఒక చిన్న దెబ్బ తగలాలి. మన రోడ్ల మీద వాటికి కొదవ లేదు. హైదరాబాద్ హైవే మీద ఫ్లైఓవర్ దిగేచోట అడ్డంగా ఉండే జాయింట్లు, ఊళ్ల ముందు వేసే వరస గీతల స్పీడ్ బ్రేకర్లు, ములుగు, భూపాలపల్లి వైపు ఇసుక, బొగ్గు లారీలు దాటిపోతూ తోసే గాలి, వేసవి సాయంత్రం ఒక్కసారి లేచే దుమారం. లారీ దాటుతున్నప్పుడు ముందు గాలి బయటికి నెడుతుంది, దాటిపోగానే లోపలికి లాగుతుంది. వెనక నుంచి శబ్దం వినగానే మోకాళ్లను రాడ్డుకు ఆనించి, మోచేతులు వంచి ఉంచండి. లోతైన రిమ్‌లు, అంటే పక్క నుంచి చూస్తే వెడల్పుగా కనబడేవి, వేసుకున్నవాళ్లకు పక్కగాలి ఇంకా ఎక్కువ తగులుతుంది, దుమారం కాలంలో ముందు చక్రమైనా మామూలుది వేసుకోండి.

వడ్ల కోతల కాలంలో, వానాకాలం పంటకు అక్టోబర్ చివరి నుంచి, యాసంగికి ఏప్రిల్, మేలో, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. గింజల మీద సన్న టైర్ జారుతుంది, చీకట్లో ఆ రాళ్లు కనబడవు. ఆ రోజుల్లో ఊళ్ల మధ్య డౌన్లలో 30 దాటకపోవడమే మంచిది. రైతుకు ఆరబోయడానికి వేరే చోటు లేకనే రోడ్డు మీదకు వచ్చాడు, అరిచి లాభం లేదు, మనమే నెమ్మదించాలి.

గుంపుగా దిగుతుంటే ఒకరికొకరు కనీసం నాలుగైదు సైకిళ్ల పొడవు దూరం ఉండండి. చదునులో గాలి చాటు కోసం దగ్గరగా పోయే అలవాటును ఘాట్ పైనే వదిలేయాలి.

వణుకు వచ్చి ఆగిన తర్వాత

సైకిల్ ఆపి దిగండి. చేతులు అదురుతుంటాయి, నీళ్లు తాగి కూర్చోండి. హెడ్‌సెట్, హబ్, క్విక్ రిలీజ్, టైర్, సంచి ఈ అయిదూ అక్కడే చూడండి. ఏదైనా లూజు కనబడి అక్కడ బిగించలేకపోతే నడిపించుకుంటూ దిగండి, లేదా బండిని పిలిపించుకోండి. అన్నీ బాగున్నా మిగతా దిగుడు 30 దాటకుండా, డ్రాప్స్ పట్టుకుని, మోకాలు రాడ్డుకు ఆనించి పూర్తి చేయండి. బ్రేక్ అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ కాలుతుంది, పట్టి వదులుతూ దిగండి.

ఇంటికి వచ్చాక కారణం వెతికేటప్పుడు ఒక్కసారి ఒక్కటే మార్చండి. అన్నీ కలిపి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఖర్చు లేనివి ముందు: సంచి తీసేయడం, గాలి మార్చడం, హెడ్‌సెట్ బిగించడం. తర్వాత చక్రాల బెండ్ తీయించి చువ్వలు సరిచేయించడం. ఆ తర్వాత మిత్రుల దగ్గర ముందు చక్రం అడిగి తెచ్చి వేసి చూడటం. ఇవన్నీ అయ్యాకే ఫోర్క్, స్టెమ్ లాంటి డబ్బు పెట్టే మార్పులు. ప్రతి మార్పు తర్వాత, ఇంతకుముందు వణుకు వచ్చిన వేగానికి బాగా దిగువ నుంచి మొదలుపెట్టి, ఖాళీగా ఉన్న తిన్నని డౌన్‌లో కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. జలదరింపు మొదలవగానే మోకాలు, బ్రేక్. వేగం ఎంతో మీటర్‌లో చూసి రాసి పెట్టుకోండి.

ఫోర్క్ మార్చినా, చక్రాలు మార్చినా అదే వేగం దగ్గర మళ్లీ మళ్లీ వస్తుంటే, అది ఆ ఫ్రేమ్‌కూ మీ బరువుకూ, ఎత్తుకూ కుదరని జోడీ. అలాంటి సైకిల్‌ను పాకాల రోడ్డు మీద, కాజీపేట, ధర్మసాగర్ వైపు చదును రోడ్ల మీద హాయిగా తొక్కుకోవచ్చు. ఘాట్‌కు మాత్రం తీసుకెళ్లకండి. ఎవరికైనా అమ్మితే ఏ వేగంలో వణుకుతుందో కొనేవాళ్లకు ముందే చెప్పి అమ్మండి.